రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య



మీ ఇంట్లో డెబ్బయి ఏళ్లు దాటినవారు ఎవరైనా ఉంటే ఈ వారం వారి దగ్గర కాసేపు కూర్చుని ఒక మాట అడగండి. రేడియో అన్నయ్య గుర్తున్నాడా అని అడగండి చాలు. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి అపార్టుమెంట్లలో అటువంటి పెద్దలకు కొదువ లేదు. కొడుకూ కోడలూ ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్తుంటే మనవల్ని చూసుకోవడానికి గుంటూరు నుండో, ఏలూరు నుండో, ఖమ్మం నుండో వచ్చి, పదో అంతస్తు బాల్కనీలో కూర్చుని పొద్దు గడుపుతున్న తాతయ్యలు, అమ్మమ్మలు, నాయనమ్మలు వీరంతా. ఆ పేరు వినగానే వారిలో చాలామంది ముఖం విచ్చుకుంటుంది. కొందరు పాట అందుకుంటారు. పాట మధ్యలో పదాలు మరచిపోతారు, అయినా ఆపరు. మీ పిల్లలు అప్పుడు వారి ముఖం చూస్తారు. అది చూడదగిన దృశ్యం.

రేడియో అన్నయ్య అసలు పేరు న్యాయపతి రాఘవరావు. 1905 ఏప్రిల్ 13న బరంపురంలో జన్మించారు. ఆ ఊరు నేడు ఒడిశాలో ఉన్నది గాని, ఆయన పుట్టేనాటికి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు అటు వెళ్లింది. రేడియో అక్కయ్య ఆయన భార్య, న్యాయపతి కామేశ్వరి. ఆమె 1908లో జన్మించారు. వీరిద్దరినీ విడదీసి చెప్పడం కష్టం. అందుచేత ఈ వ్యాసం ఒకరి జీవితమే అని మొదలుపెట్టినా ఇద్దరి జీవితంగానే సాగుతుంది.

ముందు ఆనాటి రేడియో అంటే ఏమిటో మన పిల్లలకు కొంచెం చెప్పాలి. మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమయింది. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, నాలుగు భాషలవారూ ఆ ఒక్క కేంద్రంలోని సమయాన్నే పంచుకోవాలి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చేదాకా కోస్తా, రాయలసీమ తెలుగువారికి రేడియోలో తమ భాష వినబడాలంటే మద్రాసే దిక్కు. అంటే తెలుగుకు దొరికిన ప్రతి అరగంటా బంగారం. ఆ బంగారంలో కొంత తీసి పిల్లలకు ఇవ్వడం అంటే అప్పటి పెద్దలకు అది చిన్న విషయమేమీ కాదు. సంగీత కచేరీలు ఉన్నాయి, వార్తలు ఉన్నాయి, పండితుల ప్రసంగాలు ఉన్నాయి. పిల్లలకెందుకు అనగలిగినవారు ఎందరో.

రేడియో పెట్టె కూడా ఇప్పటిలాగా జేబులో పట్టే వస్తువు కాదు. చిన్న బీరువా అంత ఉండేది. మీట తిప్పితే వెంటనే పలికేది కాదు. లోపలి వాల్వులు వేడెక్కేదాకా నిరీక్షించాలి. ఇంట్లో రేడియో ఉంచుకోవడానికి పోస్టాఫీసులో ఏటేటా డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. వీధికి ఒకటి రెండు ఇళ్లలో ఉంటే గొప్ప. అందుచేత పిల్లల కార్యక్రమం వచ్చే వేళకు ఆ ఇంటి అరుగు మీద వీధిలోని పిల్లలంతా చేరేవారు. పల్లెల్లో అయితే తరువాతి కాలంలో పంచాయతీ ఆఫీసు రేడియో ముందు చేరేవారు. వినడం అనేది ఆ రోజుల్లో గుంపుగా చేసే పని. చెవిలో తొడుక్కుని ఒంటరిగా వినే అలవాటు మనకు చాలా తరువాత వచ్చింది.

అటువంటి రోజుల్లో రాఘవరావు, కామేశ్వరి మద్రాసు కేంద్రంలో తెలుగు పిల్లల కార్యక్రమం చేపట్టారు. దానికే బాలానందం అని పేరు స్థిరపడింది. వారిద్దరికీ అన్నయ్య, అక్కయ్య అనే పేర్లు స్థిరపడ్డాయి.

ఈ పిలుపు దగ్గర కొంచెంసేపు ఆగుదాం. ఎందుకంటే వారు చేసిన పనికి తాళంచెవి ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం. ఇంగ్లండులో బీబీసీ వారు 1922లోనే పిల్లల కోసం ఒక కార్యక్రమం ప్రారంభించారు. అందులో మాట్లాడే పెద్దలను అంకుల్ అనీ ఆంటీ అనీ పిలిచేవారు. అంకుల్ అంటే ఇంటికి వచ్చే పెద్దమనిషి. మంచివాడే, మిఠాయి తెస్తాడు, కథ చెబుతాడు, కాని పెద్దవాళ్ల పక్షం. మనవారు కూడా తాతయ్య అనో, మామయ్య అనో, మాస్టారు అనో పెట్టుకోవచ్చు. రాఘవరావుగారి వయసుకు అవి సరిపోయేవి కూడా, మద్రాసు కేంద్రం ప్రారంభమయ్యేనాటికి ఆయనకు ముప్పయి మూడేళ్లు. అయినా అన్నయ్య అనే పిలుపే నిలిచింది. అన్నయ్య ఎవరు? నాన్నకు భయపడేవాడు. నాన్నతో చెప్పలేనిది తమ్ముడు ఎవరికి చెబుతాడో ఆయన. పెద్దవాడే గాని పిల్లల పక్షాన నిలబడి ఉన్నవాడు.

ఇంకొక తమాషా చూడండి. భార్యాభర్తలైన ఇద్దరిని ఒకే పిల్లవాడు ఒకరిని అన్నయ్య, ఒకరిని అక్కయ్య అని పిలవడం మన తెలుగు వరసల లెక్కకు నిలవదు. అన్నయ్య భార్య వదిన కావాలి. అక్కయ్య భర్త బావ కావాలి. మన ఇళ్లలో వరస తప్పితే పెద్దలు ఊరుకోరు. కాని ఇక్కడ ఎవరూ తప్పు పట్టలేదు. ప్రతి పిల్లవాడూ వారిద్దరితో విడివిడిగా సొంత చుట్టరికం కలుపుకున్నాడన్నమాట. ఆమె ఆయన భార్య కనుక మనకు ఫలానా అని కాక, ఆమె మనకు నేరుగా అక్కయ్య. మేజర్ సెమినరీలో తత్వశాస్త్రం చదివిన రోజుల్లో అరిస్టాటిల్ చెప్పిన పది పదార్థాలలో సంబంధం అనేది ఒకటి అని బట్టీ పట్టాము. అది వస్తువులో ఉన్నదా, మనసులో ఉన్నదా అని వాదించుకున్నాము. తెలుగు పిల్లలు ఏ వాదమూ లేకుండా దానిని గాలిలో వచ్చే గొంతుతో కూడా కలుపుకోగలిగారు.

ఇక వారు చేసిన పని. పిల్లలకు పెద్దలు కథలు చెప్పడం అన్ని కాలాలలోనూ ఉన్నదే. బాలానందంలో కొత్తదనం ఏమిటంటే అక్కడ పిల్లలే పాడారు, పిల్లలే నాటికలు ఆడారు, పిల్లలే పద్యాలు, కథలు, పొడుపు కథలు చెప్పారు. అన్నయ్య, అక్కయ్య వారి మధ్య కూర్చుని పలకరించారు, నవ్వించారు, అందుకోవలసిన చోట అందుకున్నారు. వినేవారికి ముఖ్యంగా వినబడింది తమ వయసువాడి గొంతు.

ఇది చెప్పినంత తేలిక కాదు. ఆ తొలి సంవత్సరాలలో రేడియోలో మాట పలికినప్పుడే ఇళ్లకు చేరిపోయేది. ముందుగా టేపు మీద పట్టి, తప్పులు కత్తిరించి, తీరికగా వినిపించే సదుపాయం అప్పటికి ఇంకా రాలేదు. గోడలకు శబ్దం తగలకుండా కట్టిన గది. తలుపు మూయగానే బయటి ప్రపంచం ఒక్కసారిగా మౌనమైపోతుంది. పెద్దవాళ్లకే గుండె ఝల్లుమంటుంది. ఎర్రదీపం వెలిగిందంటే ఇక దగ్గు, తుమ్ము, కాగితం రెపరెప, అన్నీ జనం చెవిన పడతాయి. ఏడెనిమిదేళ్ల పిల్లలు పది పన్నెండు మందిని ఆ గదిలో నిలబెట్టి, ఎవరి వంతు రాగానే వారిని మైకు ముందుకు జరిపి, పాడినవారిని చప్పుడు లేకుండా వెనక్కు తీసుకుని, గడియారం ముల్లు చూస్తూ చెప్పిన క్షణానికి ముగించాలి. మీలో ఎవరైనా క్రిస్మస్ నాటికలో పిల్లల చేత వేషాలు వేయించి ఉంటే ఆ కష్టం మీకు వేరే చెప్పనక్కరలేదు. గొర్రెల కాపరి వేషం వేసినవాడు సరిగ్గా తన వంతు వచ్చేసరికి తల్లి కోసం వెదుకుతాడు.

పిల్లలను అంతగా నమ్మడం ఆ రోజుల్లో అరుదు. పిల్లలు పెద్దల మధ్య మాట్లాడకూడదు, అడిగినప్పుడే జవాబు చెప్పాలి అనేది మన ఇళ్లలోనూ బడుల్లోనూ పాఠం. బెత్తం లేని మాస్టారు మాస్టారు కాడు. అటువంటి కాలంలో ఆరేళ్ల పాప పలుకులను ప్రభుత్వం వారి యంత్రం మోసుకుపోయి వందల మైళ్ల దూరాన పెద్దమనుషుల ఇళ్లలో వినిపించింది. వారు పేపరు పక్కన పెట్టి విన్నారు. తమ ఇంట్లోని పాప మాట ఎన్నడూ అంత శ్రద్ధగా వినని తండ్రులు కూడా విన్నారు.

అదే కాలంలో అదే మద్రాసులో మరొకరు కూడా పిల్లల గురించి ఇంచుమించు ఇటువంటి మాటే వేరొక భాషలో చెబుతున్నారు. ఇటలీ దేశపు డాక్టరు మరియా మాంటిస్సోరి. మన కతోలిక కుటుంబంలో పుట్టిన మహిళ. 1939 చివరలో అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. యుద్ధం వల్ల స్వదేశానికి తిరిగి వెళ్లడానికి వీలులేక 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. పిల్లవాడికి పని ఇచ్చి, పెద్దవారు పక్కకు తొలగి చూడాలని ఆమె బోధ. ఆమెది శాస్త్రం, అన్నయ్య అక్కయ్యలది ఆట. దారులు వేరు, ఊరు ఒకటే, సంవత్సరాలు అవే.

రాఘవరావు, కామేశ్వరి దంపతులకు సంతానం లేదు. ఈ సంగతి చెప్పగానే చాలామంది, అందుకే ఊరి పిల్లలందరినీ తమ పిల్లలుగా చూసుకున్నారు అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నాకు ఆ మాట పూర్తిగా రుచించదు. పిల్లలు లేని దంపతులను మన సమాజం ఎలా చూస్తుందో విచారణలలో తిరిగే మాకు తెలుసు. పెళ్లికి, బారసాలకు పిలిచేవారు సైతం వారి ఎదుట గొంతు తగ్గిస్తారు. సంతానం లేనివారందరూ బాలానందాలు స్థాపించలేదు. సంతానం ఉన్నవారందరూ పిల్లల మాట వినలేదు. వారు ఆ పని చేసింది ఏదో లోటు పూడ్చుకోవడానికని అనుకుంటే వారి తెలివినీ, శ్రమనూ తక్కువ చేసినట్లే. వారు దానిని పనిగా నేర్చుకున్నారు, పనిగా చేశారు, ఒకటి రెండు సంవత్సరాలు కాదు, జీవితమంతా.

రేడియో వారానికి కొన్ని నిమిషాలు మాత్రమే. మిగిలిన రోజుల సంగతేమిటి? 1940లో వారు మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించారు. పిల్లలు వచ్చి చేరే చోటు అది. ఆటలు, పాటలు, నృత్యం, నాటికలు అక్కడ నేర్చుకుని, వాటిలో నుండి రేడియోకు వెళ్లేవారు. సంఘం అనే మాట కూడా గమనించదగినది. బడి అనలేదు, శిక్షణాలయం అనలేదు. సంఘంలో చేరినవాడు సభ్యుడు. పిల్లవాణ్ణి సభ్యుడు అనడం ఒక గౌరవం.

ఐదేళ్ల తరువాత, 1945లో, పత్రిక ప్రారంభించారు. దాని పేరు బాల. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడు అది. కాగితానికి ఇంకా కటకటగా ఉన్న రోజులు. పెద్దవారి పత్రికలే పేజీలు తగ్గించుకుంటున్న సమయంలో పిల్లల కోసం మాసపత్రిక వేయడం తెగింపు. చందమామ రావడానికి ఇంకా రెండేళ్లు ఉన్నది, అది 1947 జూలైలో వచ్చింది. బాలలో భాష ఇంట్లో మాట్లాడుకునే భాష. లటుకు, చిటుకు అనే ఇద్దరి ముచ్చట్లు అందులో వచ్చేవి. వాటి కోసం పోస్టుమాను దారి కాచినవారు ఇప్పటికీ ఉన్నారు. అన్నిటికంటె ముఖ్యం, రేడియోలో చేసినట్లే ఇక్కడ కూడా పిల్లలు రాసినవి, గీసినవి పుచ్చుకున్నారు.

ఈ చివరి మాటకు ఒక్క ఉదాహరణ చెబితే చాలు. 1945లో మద్రాసులో ఒకే బడిలో చదువుకునే ఇద్దరు కుర్రవాళ్లు ఉన్నారు. ఒకడికి పద్నాలుగేళ్లు, మరొకడికి ఇంకా పన్నెండు నిండలేదు. పెద్దవాడు ఒక కథ రాసి బాలకు పంపాడు. కథ పేరు అమ్మ మాట వినకపోతే. అది అచ్చయింది. చిన్నవాడి బొమ్మ కూడా బాలలోనే అచ్చయింది. పెద్దవాడు ముళ్లపూడి వెంకటరమణ, చిన్నవాడు బాపు. ఆ తరువాత అరవై ఏళ్లకు పైగా తెలుగువారు వారి కథలు చదివారు, బొమ్మలు చూశారు, సినిమాలు చూశారు. బుడుగు పేరు తెలియని తెలుగు ఇల్లు ఉండదు. పెద్దల లోకాన్ని నిలదీసి ప్రశ్నించే ఆ బుడుగును సృష్టించిన ఇద్దరికీ మొదటి వేదిక ఇచ్చింది పిల్లల మాటకు విలువ ఇచ్చిన పత్రికే కావడం నాకు సబబుగా తోస్తుంది. బాల లేకపోయినా వారు గొప్పవారే అయ్యేవారేమో. కాని పద్నాలుగేళ్లవాడికి తన పేరు అచ్చులో చూసుకున్న నాటి ధైర్యం ఎటువంటిదో, ఎన్నడైనా చేతిరాత కాగితాలు పోస్టులో వేసి ఎదురుచూసినవారికి తెలుస్తుంది.

బాల 1959 దాకా నడిచి ఆగిపోయింది. చందమామ వెనుక బి. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల పెద్ద ముద్రణాలయం ఉన్నది. బాల వెనుక అటువంటి సంస్థ లేదు, ఇద్దరు మనుషులు ఉన్నారు. పిల్లల పత్రికకు ఒక చిక్కు ఉన్నది. ధర పెంచితే పిల్లలు కొనలేరు, తగ్గిస్తే అచ్చు ఖర్చు రాదు, చదివేవాడు ఏటేటా పెద్దవాడై పెద్దల పత్రికకు వెళ్లిపోతాడు. మళ్లీ కొత్తవాణ్ణి వెదుక్కోవాలి. ఆ చిక్కుతో పద్నాలుగేళ్లు నెగ్గుకొచ్చారంటే అది ఓటమి కాదు. అయినా ఆ పత్రిక ఆగడం తెలుగువారికి నష్టమే అంటాను. చందమామ గొప్ప పత్రికే, కాని అది ప్రధానంగా పెద్దలు పిల్లలకు కథలు చెప్పిన పత్రిక. పిల్లలు తమలో తాము మాట్లాడుకున్న చోటు బాల.

ఇంతలో వారి మకాం మారింది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించిన సంవత్సరమే వారు మద్రాసు నుండి హైదరాబాదు వచ్చారు. ఇక్కడి రేడియో కథ వేరు. నిజాం ప్రభుత్వం 1935 నుండి దక్కన్ రేడియో నడిపింది. అందులో ప్రధానంగా ఉర్దూ వినిపించేది. 1950లో ఆ కేంద్రం ఆలిండియా రేడియోలో కలిసింది. బడులలో చదువు కూడా ఉర్దూలోనే సాగిన రాజ్యం ఇది. తెలుగులో ఆడపిల్లలకు చదువు చెప్పడానికి మాడపాటి హనుమంతరావుగారు 1928లో బడి పెట్టడమే ఒక పోరాటం. ఆ బడి నారాయణగూడలో ఉన్నది. బాలానంద సంఘం కూడా నారాయణగూడలోనే స్థిరపడింది. ఇంట్లో తెలుగు, బయట ఉర్దూగా పెరిగిన హైదరాబాదు పిల్లలకు తమ ఊరి రేడియోలో తమ భాషలో తామే పాడుకునే అవకాశం ఎంత కొత్తగా ఉండి ఉంటుందో ఊహించండి.

ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. స్టూడియో దాకా వచ్చి పాడిన పిల్లలు ఎవరు? తీసుకువచ్చే తీరిక తల్లిదండ్రులకు ఉన్నవారు, బడిలో చదువుకుంటున్నవారు, పట్నంలో ఉన్నవారు. పశువుల వెంట తిరిగే పిల్లవాడు పంచాయతీ రేడియో ముందు విన్నాడే గాని తాను పాడలేదు. వినిపించిన తెలుగు కూడా ఎక్కువగా కోస్తా తెలుగు. వరంగల్లు, నల్లగొండ పిల్లవాడికి అది తన నాన్నమ్మ మాటలా వినిపించకపోయి ఉండవచ్చు. ఇది ఇద్దరు మనుషుల తప్పు కాదు. రేడియోది, బడిదీ, ఆనాటి తెలుగు పత్రికలది అందరిదీ అదే కొరత. కాని పొగడ్తలో కొట్టుకుపోయి ఆ పశువుల కాపరిని మరచిపోతే అన్నయ్య పని సగమే అర్థమయినట్లు. వంతు అందరికీ రావాలని నేర్పిన మనిషి ఆయన.

కామేశ్వరిగారి గురించి విడిగా రెండు మాటలు. దంపతులు కలిసి చేసిన పనిలో మన దేశంలో భర్త పేరు ముందు నిలుస్తుంది, భార్య పేరు బ్రాకెట్లలోకి పోతుంది. ఇక్కడ అంతగా అలా జరగలేదు. రేడియో అన్నయ్య అన్న నోరు వెంటనే అక్కయ్య అని కూడా అంటుంది. దానికి కారణం మైకు. తెర మీద అయితే ఒకరు ముందు, ఒకరు వెనుక నిలబడతారు. సభలో అయితే ఒకరికి కుర్చీ, ఒకరికి పక్క కుర్చీ. గొంతుకు ఆ తేడా లేదు. ఇద్దరూ మాట్లాడితే ఇద్దరూ సమానంగా వినబడతారు. ఆ రోజుల్లో చదువుకున్న స్త్రీ ఇంటి పేరు నిలబెట్టాలంటే వీధి గడప దాటకూడదనేవారు. ఆమె గొంతు రాష్ట్రంలోని గడపలన్నీ దాటి వెళ్లింది. ఆమె మాట విని పెరిగిన ఆడపిల్లలు, రేడియోలో మాట్లాడటం అనేది ఆడవారు చేసే పనులలో ఒకటి అనుకుంటూ పెరిగారు.

ఆమె 1980 నవంబరు 23న కన్నుమూశారు. ఆయన ఆ తరువాత మూడేళ్ల మూడు నెలలు జీవించి 1984 ఫిబ్రవరి 24న మరణించారు. అప్పటికి ఆయన వయసు 78. రేడియో రాజ్యం కూడా అదే సమయంలో వెనుకపట్టు పట్టింది. హైదరాబాదులో దూరదర్శన్ 1977 అక్టోబరులో ప్రారంభమయింది. అరుగు మీద రేడియో ముందు చేరిన పిల్లలు ఇప్పుడు గదిలో టీవీ ముందు చేరారు. ముందు వీధికి ఒక టీవీ, తరువాత ఇంటికి ఒకటి, తరువాత గదికి ఒకటి. ఆయన పోయేనాటికి మన మాదాపూరు గుండురాళ్ల మధ్య ఒక పల్లె. సైబర్ టవర్స్ ప్రారంభమయింది 1998లో. ప్రైవేటు ఎఫ్.ఎం. రేడియోలు నగరానికి వచ్చింది 2006లో. క్యాబుల్లో ఇప్పుడు వినబడే రేడియోలో గొంతులు చురుకుగానే ఉన్నాయి, కాని పిల్లల గొంతు వినబడాలంటే వెదకాలి.

మరి పిల్లల గొంతు ఇప్పుడు ఎక్కడ ఉన్నది? చదువరులారా, ఇది నేను మీతో మాట్లాడదలచుకున్న విషయం. పిల్లలకు వేదికలు తక్కువేమీ కావు. టీవీలో పాటల పోటీలు ఉన్నాయి. జేబులో ఫోను ఉన్నది. మూడేళ్ల పాప చేత సినిమా డైలాగు చెప్పించి వీడియో తీసి లోకానికి పంపే తల్లిదండ్రులు మన విచారణలలో కూడా ఉన్నారు. బాలానందంలోనూ పిల్లలు పాడారు, ఇక్కడా పాడుతున్నారు, తేడా ఏమిటి అని అడుగుతారేమో. నాకు కనబడే తేడా ఇది. పోటీలో పాప పాడగానే మార్కులు వేస్తారు, ఓడితే కెమెరా ఆమె కన్నీళ్ల దగ్గరకు వెళుతుంది. ఫోనులో పాప మాట్లాడగానే ఎందరు చూశారని లెక్క చూస్తారు. అన్నయ్య ముందు మాట్లాడిన పాపకు అన్నయ్య బదులు చెప్పాడు. ఆమె తడబడితే అందుకున్నాడు. ఆమె తరువాత ఇంకొక పాప వంతు వచ్చింది. ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు, కార్యక్రమం ముగిసింది, పిల్లలు ఇళ్లకు వెళ్లి మళ్లీ గోళీలాడుకున్నారు.

మన ప్రాంతంలో మరొక చిక్కు కూడా ఉన్నది. అమెరికా పగలు మనకు రాత్రి. తండ్రికి సాయంత్రం ఏడు గంటలకు అటువైపు వారితో మీటింగు మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే పిల్లవాడు బడిలో జరిగినది చెప్పడానికి వస్తాడు. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, నోటి మీద వేలు వేసి, మాట్లాడవద్దు అని సైగ చేస్తాడు తండ్రి. అది ఆయన తప్పు అనను, ఉద్యోగం అటువంటిది. కాని ఆ సైగ రోజూ చూసే పిల్లవాడు కొన్నాళ్లకు రావడం మానేస్తాడు. ఇళ్లు దర్శించడానికి వెళ్లినప్పుడు ఇది నాకు కనబడుతుంది. పిల్లవాడు మర్యాదగా నమస్కారం ఫాదర్ అంటాడు, ప్రశ్న అడిగితే ఒక్క మాటలో జవాబిస్తాడు, మళ్లీ తన తెరలోకి వెళ్లిపోతాడు. తాతయ్య ఒక్కడే వాడితో ఏదో మాట్లాడాలని చూస్తుంటాడు. తాతయ్యకు వాడి ఇంగ్లీషు అందదు, వాడికి తాతయ్య తెలుగు అందదు. ఆ తాతయ్యే ఒకప్పుడు ఏదో ఊరి అరుగు మీద, వాల్వులు వేడెక్కేదాకా ఊపిరి బిగపట్టి కూర్చున్న పిల్లవాడు.

మీకు తీరిక దొరికిన ఒక సెలవు రోజున ఒక పని చేయవచ్చు. హైటెక్ సిటీ స్టేషనులో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ దగ్గర బండి మారితే, నారాయణగూడ స్టేషను వస్తుంది. పెద్దాయనను వెంట తీసుకువెళ్లండి. దారి పొడవునా ఆయనను రేడియో గురించి చెప్పనివ్వండి, పిల్లలను ప్రశ్నలు అడగనివ్వండి. సరిదిద్దకండి, ఫోనులో పట్టకండి.

అన్నయ్య, అక్కయ్యలు పోయిన తరువాత ఆ పిలుపు ఏమయిందని మీరు అడగవచ్చు. హైదరాబాదు ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమాలు నిర్వహించిన రచయిత్రి తురగా జానకీరాణిని తరువాతి తరం పిల్లలు రేడియో అక్కయ్య అని పిలిచారు. ఆ పేరు పెట్టమని ఏ ఆఫీసూ ఉత్తర్వు ఇవ్వలేదు. ఆమె 2014 అక్టోబరులో మరణించినప్పుడు పత్రికలన్నీ ఆమెను ఆ పేరుతోనే తలచుకున్నాయి. అప్పటికి ఆమెను అక్కయ్య అని పిలిచిన పిల్లలలో కొందరికి మనవలు ఉన్నారు.